బైకు వైరింగు పనికి ఎలాంటి లైటు కొనాలి?
నమస్కారమండీ. రాత్రిపూట బైకు వైరింగు చూసేటప్పుడు ఎర్ర తీగకూ గోధుమరంగు తీగకూ తేడా తెలియడం లేదని, షెడ్డుకు ఏ ఛార్జింగు లైటు కొనాలని అడిగారు. మీ ఇబ్బందికి కారణం వెలుతురు చాలకపోవడం కన్నా, ఆ వెలుతురులో రంగులు సరిగా కనిపించకపోవడమే అనిపిస్తోంది; కాబట్టి పెట్టె మీద వాట్లు కాక, సీఆర్‌ఐ (ఆ లైటులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 లేదా అంతకు మించి ఉందో లేదో ముందుగా చూడండి. దగ్గరి పనికి 300 నుంచి 500 ల్యూమెన్లు (లైటు ఇచ్చే వెలుతురుకు కొలత) చాలు. అల్యూమినియం ఇంజనుకు అయస్కాంతం అంటుకోదు కనుక, లైటు అడుగున అయస్కాంతంతో పాటు హ్యాండిలుకు తగిలించుకునే కొక్కెం కూడా ఉండాలి. పెట్రోలు ట్యాంకు విప్పేటప్పుడు మాత్రం వైరుకు వేలాడే పాత ఫిలమెంటు బల్బును దయచేసి దగ్గరికి రానివ్వకండి. వేడెక్కిన గాజు మీద ఒక్క చుక్క పడినా అది పగిలి, నిప్పు అంటుకోవచ్చు.