ఏడో పేజీలో ఊడిన ముసుగు

హనుమకొండ

తమ్ముడూ,

నీ కథ అందింది. దాంతో పాటు పంపిన ఫొటో కూడా చూశాను. పాత పేపర్ పరిచిన టేబుల్ మీద వార్‌హామర్ బొమ్మల యుద్ధం ఆటలోని నటయోధులు, పది హార్లెక్విన్ బొమ్మలు రంగురంగుల గళ్లతో నిలబడి ఉన్నాయి. చివరన ఒక్కటి మాత్రం తెల్ల ప్రైమర్ కొట్టి అలాగే వదిలేశావు. అది వాళ్లలో ఒంటరి నటుడు సాలిటేర్ అని, దాని ముఖానికి ఏ రంగు వేయాలో నెల రోజులుగా తేలడం లేదని రాశావు. కథలో కూడా నువ్వు సరిగ్గా అతని దగ్గరే తడబడ్డావు. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదువు.

పన్నెండు పేజీల్లో నేను ఆగిపోయింది ఏడో పేజీ దగ్గర. అక్కడ యుద్ధం మధ్యలో సాలిటేర్ ముసుగు ఊడి పడుతుంది. లోపల కన్నీళ్లు కారుతున్న ముఖం. చదివేవాళ్ల గుండె కరగాలని ఆ వాక్యాలు ఎంతో కష్టపడి రాశావని తెలుస్తూనే ఉంది. నా గుండె మాత్రం కరగలేదు. అంతకు ముందు ఆరు పేజీల్లో భయపెట్టిన మనిషి ఒక్క దెబ్బతో మామూలు మనిషై కూర్చున్నాడు. ముసుగు వెనకాల అసలు మనిషి ఉంటాడు, అది తీస్తే నిజం బయటపడుతుంది అని నువ్వు నమ్ముతున్నావు. హార్లెక్విన్ల విషయంలో ఆ నమ్మకం పనిచేయదు. వేషమే వాళ్ల బతుకు.

ఈ ఆట నాకు కొత్త కాదు. మా అక్క కొడుకు కాజీపేటలో ఉన్న రోజుల్లో ఆదివారం పూట డైనింగ్ టేబుల్ అంతా వార్‌హామర్ 40,000 బొమ్మలతోనే నిండిపోయేది. నేను పక్కన కూర్చుని, టేపు పెట్టి అంగుళాలు కొలిచి బొమ్మల్ని జరపడం, గుప్పెడు పాచికలు ఒకేసారి దొర్లించడం చూసేదాన్ని. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ 1987లో ఈ ఆట తెచ్చింది. మరుసటి ఏడాదికే హార్లెక్విన్ బొమ్మలు వచ్చాయి. కానీ వాళ్లకంటూ ప్రత్యేకంగా ఒక కోడెక్స్, అంటే నియమాల పుస్తకం, రావడానికి 2015 దాకా పట్టింది. అన్నేళ్లూ వాళ్లు వేరేవాళ్ల యుద్ధాల్లోకి ఎక్కడి నుంచో వచ్చి, ఆడి, మాయమయ్యే అతిథులే. నాకు ఆ సంగతి చాలా నచ్చింది. కథకు అది మంచి పునాది.

వాడు ఆడేటప్పుడు నేను గమనించిన ఇంకో విషయం చెబుతాను. హార్లెక్విన్ దెబ్బ తట్టుకునే శక్తి 3. అంటే తుపాకీ పట్టిన మామూలు సిపాయికి ఎంతో అంతే. కవచాలు తొడిగిన స్పేస్ మెరైన్‌కి 4. మరి హార్లెక్విన్‌ను కాపాడేది ఏమిటి? ఒంటి మీది హోలో సూట్. అతను కదిలితే చాలు, ఆకారం రంగుల ముక్కలుగా చెదిరిపోతుంది, గురి తప్పుతుంది. వాడు ఆడిన ఎడిషన్‌లో ఆరు ముఖాల పాచిక మీద 4 కానీ ఆ పైన కానీ పడితే దెబ్బ తప్పినట్టు. సగానికి సగం. అంటే ఆగినవాడు చస్తాడు, ఆడుతున్నవాడు బతుకుతాడు. నీ కథలో వాళ్లు నిలబడి డైలాగులు చెబుతున్నారు తమ్ముడూ. మూడో పేజీలో నటుల గుంపు నాయకుడు ట్రూప్ మాస్టర్ శత్రువు ఎదురుగా నిలబడి పదకొండు వాక్యాలు మాట్లాడాడు. నీ చేతిలో ఉన్న పాచికనే అడుగు, ఆ పదకొండు వాక్యాలు పూర్తయ్యేదాకా అతన్ని బతకనిస్తుందేమో.

ఇప్పుడు సాలిటేర్ దగ్గరికి వద్దాం. నీకు తెలిసిందే అయినా నా మాటల్లో మళ్లీ చెబుతాను, ఎందుకంటే కథ అంతా అక్కడే ఉంది.

ఆ ఆట లోకంలో హార్లెక్విన్లు పుట్టిన ఏల్దారీ జాతి ఒకప్పుడు నక్షత్రాలను ఏలింది. సుఖానికి హద్దు లేకుండా పోయింది. ఆ మితిమీరిన కోరికల్లోంచే స్లానేష్ అనే దుష్టదైవం పుట్టి, పుడుతూనే దాదాపు జాతి మొత్తాన్ని మింగింది. వాళ్ల దేవుళ్లలో నవ్వే దేవుడు సెగోరాక్ తప్పించుకుని, మామూలు లోకానికి ఆవల ఉన్న వెబ్‌వే దారుల్లోకి వెళ్లాడు. హార్లెక్విన్లు ఆయన బిడ్డలు. వాళ్లు ఊరూరా ఆడే ఆటల్లో పెద్దది ఈ పతనం కథే. అందులో మృత్యువు వేషం డెత్ జెస్టర్ అనే నటుడిది, విధి వేషం షాడోసీర్ అనే నటుడిది. మరి ఆ స్లానేష్ వేషం ఎవరు కట్టాలి? మామూలు నటుడు కడితే తట్టుకోలేడు. సాలిటేర్ ఒక్కడే కట్టగలడు. అందుకు అతను ఇచ్చుకునే మూల్యం ఆత్మ. మిగతా హార్లెక్విన్లు చనిపోతే నవ్వే దేవుడు దగ్గరికి తీసుకుంటాడు. సాలిటేర్ ఆత్మ మాత్రం స్లానేష్‌కే రాసిపెట్టి ఉంటుంది. దేవుడు ఏదో ఒక మోసం చేసి విడిపిస్తే తప్ప దారి లేదు. అతను ఏ గుంపులోనూ ఉండడు. అతనితో మాట్లాడటమే కీడని తోటి నటులు తప్పుకుంటారు. అతను రాకపోతే ఆ పాత్ర లేకుండానే ఆట ఆడుకుంటారు.

ఇంత ఉన్నప్పుడు ముసుగు ఊడగొట్టడం ఎందుకు?

నా చిన్నప్పుడు జనగామ దగ్గరి మా ఊరికి చిందు భాగోతం మేళం వచ్చేది. చింతచెట్టు కింద మధ్యాహ్నం నుంచే ముఖాలకు అర్దళం అనే పసుపు రంగు పూసుకోవడం మొదలుపెట్టేవాళ్లు. నేను బడి ఎగ్గొట్టి అక్కడే ఉండేదాన్ని. హిరణ్యకశిపుడి వేషం కట్టే ఆయన సన్నగా ఉండేవాడు, దగ్గు ఉండేది. చిన్న అద్దం మోకాళ్ల మధ్య పెట్టుకుని బీడీ ఆర్పి ముఖం దిద్దుకోవడం మొదలుపెడితే ఇక ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. సగం ముఖం అయ్యాక పలకరించినా పలికేవాడు కాదు. భుజకీర్తులు, కిరీటం కట్టుకుని లేచేసరికి దగ్గు ఎటు పోయేదో! రాత్రి ఆయన వేసే ఒక్కో అడుగుకు మట్టి లేచేది. ముందు వరసలో కూర్చున్న మా తాత కాళ్లు ముడుచుకునేవాడు.

పొద్దున ఆయనే మా ఇంటికి వచ్చేవాడు, గింజల కోసం. వాకిలి దాటి లోపలికి రాకూడదు. రాత్రి ఊరిని వణికించిన మనిషి గడప బయట తువాలు పట్టుకుని నిలబడితే, మా నాయనమ్మ పైనుంచి పోసేది. చెవుల వెనకాల ఇంకా పసుపు రంగు ఉండేది. నేను ఆ రంగు వైపే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. రాత్రి ఆయన లేకపోతే ఆట లేదు, పొద్దున ఆయనతో కలిసి కూర్చునేవాళ్లు లేరు. అది తప్పని చెప్పే మాట అప్పుడు నాకు రాలేదు. తర్వాత ఎన్నో ఏళ్లకు వచ్చింది.

నా మొదటి కథ ఆయన మీదే రాశాను. నీలాగే నేనూ చివరలో కిరీటం తీయించి ఏడిపించాను. ఆ కథ పంపిన పత్రిక సంపాదకుడు, ఆ చెవి వెనక రంగు గురించి ఒక్క వాక్యం రాసి ఉంటే ఏడుపు అవసరం ఉండేది కాదని తిరుగు టపాలో రాశాడు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఆ మాట సరైనదని అర్థమైంది.

చిందు కళాకారుల వెలిని, ఆటలో కల్పించిన సాలిటేర్ ఒంటరితనాన్ని ఒక్కటి చేయమని నేను చెప్పడం లేదు. ఒకటి నిజంగా మనుషులు మనుషులకు చేసిన అన్యాయం, రెండోది కల్పన. కానీ ఆ వాకిట్లో నిలబడి నేను చూసినదాన్ని బట్టి నిన్ను ఒక ప్రశ్న అడగగలను. ఎవరూ తాకని వేషాన్ని నీ సాలిటేర్ ఎందుకు ఎత్తుకున్నాడు? ఎవరైనా బతిమాలారా? తనంతట తనే వెళ్లాడా? ఆ రోజు అతని పక్కన ఎవరు ఉన్నారు, చివరిసారి అతనితో మాట్లాడిన మాట ఏమిటి? నీ పన్నెండు పేజీల్లో ఇది ఎక్కడా లేదు. ఏడో పేజీలో ఉండాల్సింది ఇదే.

ఇంకోటి చూడు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళి రోజుల్లో దండారి జరుగుతుంది కదా. గుస్సాడి వేషం కట్టినవాళ్లు నెమలి ఈకల టోపీ, కృత్రిమ గడ్డం మీసాలు, ఒంటికి బూడిదతో ఊరూరా తిరుగుతారు. ఆ రోజులన్నీ స్నానం చేయరు. వాళ్లలో దేవుడు ఉన్నాడని పెద్దవాళ్లు కూడా కాళ్లు మొక్కుతారు. దండారి ముగిసి వేషం దించాకే మళ్లీ ఇంటి మనిషి. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది ఈ ఆటకే. వాళ్లకు వేషం దించే రోజు ఉంది. సాలిటేర్‌కు లేదు. ఆ ఒక్క తేడా మీద నువ్వు ఒక రాత్రంతా కూర్చుని ఆలోచిస్తే కథ దానంతట అదే కదులుతుంది.

ముసుగుల్ని ఎలా రాయాలో ఒగ్గు కథ దగ్గర నేర్చుకో. అక్కడ ముసుగే ఉండదు. కథకుడు కండువా ఇటు నుంచి అటు వేసుకుంటే మల్లన్న పోయి మేడలమ్మ వస్తుంది, గొంతు మారుతుంది, నడక మారుతుంది. హార్లెక్విన్ ముసుగు మీద ముఖాలు మారిపోతాయి కదా, నువ్వు ప్రతిసారీ “ముసుగు మారింది” అని రాశావు. ఎదురుగా ఉన్న శత్రువు ఏం చూశాడో రాయి. చచ్చిపోయిన తమ్ముడి ముఖం చూశాడా, తన ముఖమే చూశాడా? తుపాకీ పట్టిన చెయ్యి ఏమైంది?

రామప్ప ఘట్టం తీసేయ్. హార్లెక్విన్లు పాలంపేటలో దిగి పేరిణి ఆడటం చదవడానికి సంబరంగా ఉంది, నువ్వు మన ఊరి మీద ప్రేమతో రాశావని కూడా తెలుసు. కానీ పేరిణికి ముసుగు లేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి శిల్పాల్లో, గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన నృత్తరత్నావళిలో ఆ ఆట జాడ ఉంటే, నటరాజ రామకృష్ణ గారు వాటి నుంచి దాన్ని మళ్లీ లేపి నిలబెట్టారు. యుద్ధానికి వెళ్లే వీరులు శివుడి ముందు ఆడేవారని చెప్పుకుంటాం. దాని కథ దానికి ఉంది, హార్లెక్విన్ల పుట్టుక వేరే చోటుంది. వాళ్ల మూలం పదహారో శతాబ్దపు ఇటలీ వీధి నాటకాల ఆర్లెకినో. ఆకలితో తిరిగే నౌకరు పాత్ర అది. నువ్వు సన్న బ్రష్‌తో గీసిన ఆ అందమైన గళ్లు మొదట్లో ఆ నౌకరు చినిగిన బట్టల మీది అతుకులు. ఇది తెలిశాక ఆ గళ్లు రాసే తీరు మారుతుంది నీకు.

ఆయుధాల జాబితా రెండు పేజీలు ఉంది. హార్లెక్విన్స్ కిస్ ఒక్కటి ఉంచు. ముంజేతికి కట్టిన గొట్టం, అందులోంచి కంటికి కనపడనంత సన్నని తీగ శరీరంలోకి పోయి విప్పుకుంటుంది, లోపల అంతా ముద్ద. దాన్ని ముద్దు అని పిలిచే జాతి ఎలాంటిదో ఆ ఒక్క పేరే చెబుతుంది. మిగతావి కొట్టేయ్.

పేర్లను తెలుగు చేయాలా అని అడిగావు. వద్దు. సాలిటేర్‌ను ఏకాకి అంటే అతను వేరే మనిషి అయిపోతాడు. పేరు అలాగే ఉంచి, అతను వస్తుంటే పక్కకు తప్పుకునేవాళ్లను మన మాటల్లో రాయి.

ఇది పుస్తకంగా వేయాలనే ఆలోచన మాత్రం పక్కన పెట్టు. ఆ లోకం, ఆ పేర్లు కంపెనీవి, అమ్ముకునే హక్కు మనకు లేదు. స్నేహితులకు చదివి వినిపించు, చేయి తిరగనివ్వు. ఎవరూ తాకని వేషం ఎత్తుకున్న మనిషి అనే ఆలోచన మాత్రం ఎవరి సొత్తూ కాదు. దాన్ని తర్వాత నీ సొంత లోకంలోకి తీసుకెళ్లు, అప్పుడు పుస్తకం సంగతి నేనే చూస్తాను.

ఒకసారి చేర్యాల వెళ్లిరా. హనుమకొండ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. అక్కడి నకాషీ చిత్రకారులు రంపపు పొట్టు, చింతగింజల అంబలి కలిపి ముసుగులు చేస్తారు. రంగు వేసే ముందు తెల్ల పూత పూసి ఆరబెడతారు, నువ్వు ప్రైమర్ కొట్టినట్టే. కళ్లు ఎప్పుడు దిద్దుతారో, ఎందుకు అప్పుడే దిద్దుతారో అడుగు. వాళ్లు చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకో, ఫోన్‌లో కాదు.

ఆ తెల్ల బొమ్మకు ఇప్పుడే రంగు వేయకు. ముందు ఏడో పేజీ మళ్లీ రాయి. అతనితో చివరిసారి మాట్లాడిన మనిషి ఎవరో తేలాక బొమ్మను, పేజీని రెండింటినీ పట్టుకుని రా. శనివారం సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను, సకినాలు చేసి పెడతాను. రాసింది నువ్వే పైకి చదవాలి, నేను కళ్లు మూసుకుని వింటాను.

నీ అక్క