మా అమ్మాయి మితభాషి, రోగులతో నెగ్గుకురాగలదా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ పూర్తిచేసింది. క్లినిక్‌లో రోగులను చూసుకునే సహాయకురాలి కోర్సులో చేరతానంటోంది. తను మితభాషి. రకరకాల భాషల, మతాల, వయసుల వారితో మాట్లాడి నెట్టుకురాలేదని మా భయం. దానికంటే మెడికల్ కోడింగ్ మేలేమో? రెండింటినీ పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: కోర్సుల వ్యవధి, అర్హతలు ఏ ప్రకటన చూసినా తెలుస్తాయి, వాటిని వదిలేద్దాం. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. అడిగేది కోర్సు గురించే అయినా అసలు బెంగ వేరు: ‘మా పిల్లను ఎవరైనా నలుగురిలో కసిరితే?’ అని. కసురుతారండీ. నొప్పితో, భయంతో వచ్చినవారు ఒక్కోసారి విసుక్కుంటారు. ఆ విసుగు తన మీద కాదని తెలియడానికి కొన్ని నెలలు పడుతుంది, అంతే.

మితభాషి కావడం లోపమని ఎవరన్నారు? 1984లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే వైద్యులు అడ్డు తగిలారని తేలింది. మాటకారులకు ఈ రంగంలో కొదవ లేదు, చివరిదాకా వినేవారే తక్కువ.

మిగతాదంతా నేర్చుకుంటే వచ్చేదే. పేరు పలకడం తెలియకపోతే వారినే అడగాలి. చక్రాల కుర్చీ తోసేవారితో కాకుండా అందులో కూర్చున్న మనిషితో మాట్లాడాలి. వినికిడి తగ్గినవారికి అరిచి చెప్పే బదులు, పెదవులు కనిపించేలా ఎదురుగా నిలబడి చెప్పాలి. భాష రాని తల్లికి ఆమె పదేళ్ల కొడుకును దుబాసీగా పెట్టకూడదు. తన ఒంటి సంగతులు కొడుకు నోట చెప్పించాల్సి వస్తే ఆమె సగం దాచేస్తుంది. శిక్షణ పొందిన దుబాసీని, ఫోనులోనైనా సరే, పిలిపించాలి.

‘నెగెటివ్ వచ్చింది’ అనగానే ముఖం పాలిపోయిన ఒక పెద్దాయనను నేను చూశాను. నెగెటివ్ అంటే చెడ్డదనుకున్నారు. కౌంటరులోని అమ్మాయి అది గమనించి, ‘ఆ జబ్బు మీకు లేదండీ’ అంది. కుర్చీని బిగించి పట్టుకున్న ఆయన వేళ్లు అప్పుడు సడలాయి. ‘అర్థమైందా?’ అంటే ఎవరైనా తల ఊపుతారు. ‘నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, ఈ మాత్ర ఎప్పుడు వేసుకుంటారో ఒకసారి చెప్పండి’ అని అడిగితేనే సంగతి బయటపడుతుంది.

ఇక కోడింగ్. గౌరవమైన పనే. కానీ మనుషులకు దూరంగా ఉండవచ్చన్న ఒక్క కారణంతో దాని వెంట పడటం మీద నాకు చాలా అనుమానాలున్నాయి. వైద్యుల నివేదికలు చదివి జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు కేటాయించే ఈ పనిలో, తేలిక కేసులను సాఫ్ట్‌వేర్ ఇప్పటికే అందుకుంటోంది. మనిషికి మిగిలేవి చిక్కు కేసులు. వాటికి శరీర నిర్మాణం, రోగాల తీరు క్షుణ్ణంగా తెలియాలి. పైగా కోడ్‌లూ మారుతుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన జబ్బుల కోడ్‌ల జాబితాకు కొత్త రూపమైన ఐసీడీ-11, 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఇష్టపడి చదివేవారికి ఇందులో మంచి భవిష్యత్తే ఉంది. మనుషులంటే భయపడి చేరినవారు మాత్రం కొన్నాళ్లకు మళ్లీ నా దగ్గరికే వస్తున్నారు.

కటువుగా ఒక మాట. మీ ఉత్తరంలో మీ భయం ఉంది, మీ అంచనా ఉంది. మీ అమ్మాయి ఆ కోర్సును ఎందుకు కోరుకుంటోందో ఒక్క ముక్క లేదు. రోగి ఎదురుగా ఉండగా వెంట వచ్చినవారిని ‘ఈయనకు ఏమిటి బాధ?’ అని అడిగే సిబ్బంది చేసే తప్పు ఇదే. ముందు ఆమెను అడగండి, మధ్యలో అందుకోకుండా వినండి. క్లినిక్‌లో ప్రత్యక్ష శిక్షణ ఎన్ని వారాలు ఇస్తారో ఆమెనే వెళ్లి కనుక్కోనివ్వండి. ఆ తర్వాతా సందేహాలు మిగిలితే, ఈసారి ఉత్తరం ఆమెను రాయమనండి.