తాగుడు మానుతున్న సోదరుడికి తోడు నిలవడం గురించి

తమ్ముడూ,

ప్రభువు నామంలో వందనాలు.

మీ సంఘంలో కొత్తగా ప్రభువును నమ్ముకున్న సోదరుడి బాధ్యత పెద్దలు నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఏం చేయాలో, ఏం చేయకూడదో రాయమన్నావు.

ముందు ఒంటి సంగతి చూడు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆరేడు గంటలకే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు. దీన్ని దయ్యం అనుకుని గదిలో పెట్టి తలుపేసి ప్రార్థన చేసేవాళ్లున్నారు. నువ్వలా చేయకు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లు, దారిలో ప్రార్థించు. ఎన్నేళ్లుగా తాగుతున్నాడు, రోజుకెంత, ఆఖరుసారి ఎప్పుడు అనే మూడు సంగతులూ డాక్టరుకు దాచకుండా చెప్పు. నీరసంగా ఉన్నాడని ఊళ్లోనే ఎవరిచేతనో సెలైన్ పెట్టించి ఊరుకోవద్దు. తాగుడుతో బి1 విటమిన్ తరిగిపోయిన మనిషికి అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ముప్పు. ఆ వారం ఉపవాసం నువ్వుండు, ఆయనకు వేళకు అన్నం పెట్టించు. తర్వాత సలహా కావాలంటే 14446కి చేస్తే డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడతారు. మందులతో మానితే అది కృప ఎలా అవుతుందని ఎవరైనా అంటే, పౌలు ‘ప్రియుడైన వైద్యుడు’ అని రాసింది లూకా గురించేనని చెప్పు.

ఇక బోధ. 1836లో బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చిన నాటి నుంచి నరసాపురం చుట్టుపక్కల కృప గురించి వింటూనే ఉన్నాం. రక్షణ మన క్రియల వల్ల కాదు, కృప వల్లే అని చెప్పే ఎఫెసీ 2:8, 9 చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. పదో వచనం దగ్గర ఆగిపోతాం. సత్క్రియలు చేయడానికే మనల్ని సృష్టించాడని అక్కడుంది. దాని పక్కన తీతు 2:11, 12 పెట్టి చదివించు. రక్షించిన కృపే ఎలా బతకాలో నేర్పుతుందని పౌలు అంటున్నాడు. బోదె, అంటే మడికి నీళ్లు తెచ్చే పిల్లకాలువ, తవ్విన రైతు వల్ల గోదావరి పారదు. కానీ బోదె పూడిపోతే, పక్కన కాలువ నిండుగా పారుతున్నా మడి ఎండుతుంది. మీరిద్దరూ చేయాల్సింది ఆ బోదె పని.

లూకా 19లోని సుంకరి జక్కయ్య సంగతి వరుస తప్పకుండా చెప్పు. ‘నీ యింట ఉండవలసియున్నది’ అని యేసు ముందు అన్నాడు, అది ఐదో వచనం. ఆస్తిలో సగం పేదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తాననీ జక్కయ్య అన్నది ఎనిమిదో వచనంలో. లేవీయకాండం ఆరో అధ్యాయం ప్రకారమైతే అసలు, దానిమీద అయిదో వంతు ఇస్తే సరిపోయేది. నాలుగింతలు ఇమ్మని ఆయన్ని ఎవరూ అడగలేదు. కాబట్టి నువ్వు కూడా ఇంత అప్పు తీర్చాలని ఆ సోదరుడి మీద లెక్క వేయకు, ఆ మాట ఆయన నోటే రానీ.

వచ్చాక మాత్రం కాగితం మీద పెట్టించు. ఒక నోటుబుక్కులో ఎవరి దగ్గర, ఎంత, ఎప్పుడు తీసుకున్నాడు, ఏం తాకట్టు పెట్టాడు అన్నీ ఆయన చేత్తోనే రాయించు. చిన్న బాకీలు, కిళ్లీకొట్టు అప్పులు ముందు తీర్పించు. ఊళ్లో తలెత్తి నడవడం అక్కడ మొదలవుతుంది. జాలిపడి సంఘం డబ్బుతో మొత్తం తీర్చేయకండి. అలా తీరిన అప్పు మళ్లీ పుడుతుంది. అప్పులున్నంత కాలం దశమభాగం కోసం ఒత్తిడి చేయొద్దని పెద్దలతో కూడా చెప్పు.

రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఆయనకు మంచిది కాదు. షెడ్డులో ఒంటరిగా ఉన్నప్పుడే సీసా వస్తుంది. ఇద్దరుండే పనికి మార్పించు. సంక్రాంతి మరీ గడ్డు కాలం. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ బరి దగ్గర పందెం, మందు పక్కపక్కనే ఉంటాయి. పది రోజుల ముందే ఆ మూడు రోజులూ ఎక్కడుండాలో, ఎవరింట్లో తినాలో తేల్చుకోండి. కూలి డబ్బు భార్య చేతికి వెళ్లాలి.

అయినా పడతాడేమో. పడితే మర్నాడు పొద్దుగూకేలోగా వాళ్లింటికి వెళ్లు. ఎందుకు తాగావని అడగకు. ఎక్కడ, ఎవరితో, డబ్బెక్కడిది అని అడుగు. అక్కడే దారి మూయాలి. ‘దేవుడు క్షమిస్తాడుగా’ అని తేలిగ్గా అంటే మాత్రం రోమా ఆరో అధ్యాయం తెరిచి, కృప ఉంది కదా అని పాపంలో ఉండిపోకూడదనే మొదటి రెండు వచనాలు ఆయన చేతే చదివించు.

భార్యను తొందరపెట్టవద్దు. క్షమించడం వేరు, బీరువా తాళాలు ఇవ్వడం వేరు. ఆమె నమ్మడానికి ఏళ్లు పట్టినా తప్పు పట్టకు. ఆయన చెయ్యి చేసుకుంటే ముందు ఆమెనూ పిల్లల్నీ క్షేమంగా ఉండేచోటికి చేర్చు, ఆ తర్వాతే ఆయనతో ప్రార్థన.

ఉజ్జీవ సభలవాళ్లు సాక్ష్యం చెప్పమని పిలుస్తారు. ఏడాది దాకా ఒప్పుకోవద్దు. మైకు ముందు పాత పాపం పెద్దదవుతుంది, చప్పట్లు పడతాయి, తర్వాత పడితే సిగ్గుతో సంఘానికే దూరమవుతాడు. ఈలోగా ఆదివారం చాపలు పరిచే పని, చెప్పులు సర్దే పని ఇవ్వు. అప్పుల పుస్తకం మాత్రం నెలకోసారి నీ ముందు తెరిపించు.

ప్రభువునందు,
మీ అన్నయ్య