తెల్ల కాగితం మీద వద్దు బిడ్డా

చిరంజీవి సరితకు పెద్దనాన్న ఆశీస్సులు.

ఊరి పక్కన రెండెకరాలు చూశామని, పొలం నచ్చిందని నువ్వు చెప్తే సంతోషమేసింది. కానీ మధ్యవర్తి "ఇప్పటికి నోటరీ మీద అగ్రిమెంటు, జీపీఏ (అమ్మేవాడి తరఫున వ్యవహరించే అధికారపత్రం) రాయించుకోండి, రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకోవచ్చు, లక్షలు మిగులుతాయి" అన్నాడన్నావు చూడు, అప్పటి నుంచి మనసు మనసులో లేదు. తహసీల్దార్ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. అట్లా మిగుల్చుకున్నవాళ్లు ఆ తర్వాత ఎన్ని గడపలు ఎక్కిదిగారో కళ్లారా చూశాను. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా. అల్లుడికి కూడా చదివి వినిపించు.

ముందు ఖర్చు మాట్లాడుకుందాం, అది నిజంగానే బరువు. మన తెలంగాణలో వ్యవసాయ భూమికి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 2021 జూలైలో 6 శాతం నుంచి పెంచారు. దాని మీద మ్యుటేషన్‌కు, అంటే రికార్డులో పేరు మార్చడానికి, ఎకరాకు 2,500, పాసుబుక్కుకు 300. వీటన్నిటికీ చలాన్ ఉంటుంది. చలాన్ లేని పైసలు ఎవరడిగినా ఇవ్వకండి.

ప్రభుత్వ విలువ, మీరిచ్చే అసలు ధర, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద డ్యూటీ కట్టాలి. ఊళ్లల్లో ఏం చేస్తున్నారో నీకూ తెలుసు. ఎకరం పాతిక లక్షలకు మాట్లాడుకుని, ప్రభుత్వ విలువ మూడు లక్షలుంటే, రెండెకరాలకు ఆరు లక్షలే రాసుకుంటున్నారు. అప్పుడు 45,000తో పోతుంది. నిజం రాస్తే 3,75,000 అవుతుంది. ఇంత తేడా ఉంటే ఎవరికైనా ఆశ పుడుతుంది, కాదనను. కానీ మిగతా 44 లక్షలు నువ్వు ఇచ్చినట్టు ఎక్కడా ఉండదు. రేపు ఆ భూమిలో ఏదైనా తిరకాసు తేలి కోర్టుకు పోతే, నీ చేతిలో ఉన్నది ఆరు లక్షల కాగితమే. రోడ్డుకో కాలువకో భూమి పోయినా అంతే. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం కట్టేటప్పుడు ప్రభుత్వ విలువను, చుట్టుపక్కల రిజిస్టరైన దస్తావేజుల ధరలను చూస్తారు. ఊరంతా తక్కువ రాసుకుంటే ఊరందరి పరిహారమూ తగ్గుతుంది. రీజినల్ రింగ్ రోడ్డు కింద భూములు పోతున్న రైతులు మార్కెట్ ధర ఎంత, మాకిచ్చేది ఎంత అని మొత్తుకుంటున్నది వింటూనే ఉన్నాం కదా. అందుకని డబ్బు చాలకపోతే రెండెకరాలకు బదులు ఎకరం ముప్పావే కొనండి. కాగితం మాత్రం నిజమైన ధరకే రాయించండి. డబ్బు కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

ఇక జీపీఏ విషయం. అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా మూడూ కలిపి చేయించుకున్నా భూమి మీద యాజమాన్యం రాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మామూలుగా ఇచ్చినవాడు చనిపోతే జీపీఏ కూడా పోతుంది. పాసుబుక్కులో అమ్మినవాడి పేరే ఉంటుంది. రైతు భరోసా ఆయనకే పడుతుంది, బ్యాంకు ఆయనకే అప్పిస్తుంది. ఆయన తలచుకుంటే ఇంకొకరికి రిజిస్ట్రేషన్ కూడా చేస్తాడు. ఆయన మంచివాడే అనుకో, ఆయన కొడుకుల మాటేమిటి?

మీ నాన్న సంగతే చూడు. 2006లో ఎకరం కొన్నాడు. యాభై రూపాయల బాండు పేపరు మీద రాసుకున్నారు. కింద అమ్మినాయన వేలిముద్ర, పక్కన నలుగురు పెద్దమనుషుల సంతకాలు, నాలుగు వైపులా హద్దులు. సర్వే నంబరు రాశారు గానీ, అందులో "అ"నో "ఆ"నో రాయలేదు. ఆ సర్వే నంబరులో ఏ ముక్క మీ నాన్నదో ఆ కాగితం చెప్పదు. సాక్షుల్లో ఒక్కాయనే బతికి ఉన్నాడు. ఇన్నేళ్లు దున్నుకుంటున్నా రైతు బంధు రాలేదు, పంట రుణం రాలేదు. 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా కాగితం మీద రాసుకున్న కొనుగోలు) దరఖాస్తు పెట్టాడు కాబట్టి మన తెలంగాణ కొత్త భూరికార్డుల చట్టం భూ భారతి కింద ఇప్పుడు దారి ఉంది. 2014 జూన్ 2కు ముందు కొన్నదై, పన్నెండేళ్లుగా సాగులో ఉన్న చిన్న, సన్నకారు రైతుకే అది. ఆ దరఖాస్తు రసీదు నాన్న దగ్గర ఉందో లేదో ఈ వారమే చూడు.

అయితే రిజిస్ట్రేషన్ అయిపోతే అంతా భద్రం అనుకోకు. ఇది చాలామందికి తెలియదు. మన దేశంలో ప్రభుత్వం రిజిస్టర్ చేసేది లావాదేవీని. అమ్మినవాడికి హక్కు ఉందని హామీ ఇవ్వదు. ఆయనకు లేని హక్కు, ఎంత డ్యూటీ కట్టినా నీకు రాదు. హామీ ఇచ్చే పద్ధతి తేవాలని ఆంధ్రప్రదేశ్‌లో టైట్లింగ్ చట్టం చేశారు. రికార్డులో పేరు ఎక్కాక రెండేళ్లలోపు అభ్యంతరం చెప్పకపోతే అదే ఖాయం అన్నారు, కింది సివిల్ కోర్టులకు పోయే వీలు లేకుండా చేశారు. దుబాయ్‌లోనో బొంబాయిలోనో కూలికి పోయినవాడు రెండేళ్లలో ఏం చూసుకుంటాడని జనం భయపడ్డారు. 2024లో దాన్ని రద్దు చేశారు. ఇక్కడ తెలంగాణలో ధరణి భూరికార్డుల పోర్టల్లో ఏం జరిగిందో నేను చెప్పనక్కర్లేదు. పేరు తప్పు పడ్డవాడు, విస్తీర్ణం తగ్గినవాడు, నిషేధిత జాబితాలో పడ్డవాడు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగారు. రికార్డు కంప్యూటర్లోకి ఎక్కినకొద్దీ, అందులో లేనివాడికి మాట చెల్లకుండా పోయింది. 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన భూ భారతి చట్టంలో అప్పీలు దారి మళ్లీ తెరిచారు, అది మేలు.

అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే పాత కాగితాలు తీయించండి. పాసుబుక్కు ఒక్కటి చూసి మురిసిపోవద్దు. 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల, సాగు వివరాల రికార్డు) నుంచి ఇప్పటిదాకా పట్టాదారు కాలమ్‌లో పేర్లు ఎట్లా మారుతూ వచ్చాయో వరసగా చూడాలి. మధ్యలో ఒక పేరు మాయమై ఇంకో పేరు వచ్చిందంటే ఎట్లా వచ్చిందని అడగాలి. అమ్మకమా, విరాసతా (వారసత్వమా), భాగపంపకమా? లావణీ పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన, అమ్మకూడని భూమి) అయితే అసలు ముట్టుకోకండి. ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీసేటప్పుడు 2020 అక్టోబరు ముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో, ఆ తర్వాతవి పోర్టల్లో, రెండు చోట్లా చూడాలి. మండల సర్వేయరుతోనో లైసెన్సు ఉన్న సర్వేయరుతోనో కొలిపించి, రాళ్లు పాతించండి. కాగితంలో రెండెకరాలున్నా, నేల మీద ఎకరం ముప్పై ఆరు గుంటలు తేలడం మామూలే.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఆ ఇంటి ఆడపడుచులు. ఆ భూమి అమ్మేవాడికి తండ్రి నుంచి విరాసత్‌లో వచ్చిందన్నావు. అక్కచెల్లెళ్లు ఎంతమంది? విరాసత్ చేసేటప్పుడు వాళ్లు సంతకాలు పెట్టారా? పెట్టకపోతే ఇప్పుడు దస్తావేజులో వాళ్లనూ అమ్మకందారులుగా చేర్చమను. "వాళ్లేం అడగరు, కట్నాలిచ్చి పంపాం" అని చెప్తారు. ఒప్పుకోవద్దు. వాళ్ల వాటా వాళ్లకు న్యాయంగా అందాలి, నీకూ రేపు కోర్టు బాధ ఉండదు.

ఇంకొకటి. అక్కడ కౌలుకు చేస్తున్నాయన ఉన్నాడన్నావు. పాసుబుక్కులో పట్టాదారు పేరే ఉంటుంది గనుక ఆయన అందులో కనపడడు. నువ్వే పొలానికి వెళ్లి ఆయనతో మాట్లాడు. ఎన్నేళ్లుగా చేస్తున్నాడు, ఏ ఒప్పందం మీద చేస్తున్నాడు కనుక్కో. పంట మీదుంటే కోసుకున్నాకే స్వాధీనం తీసుకోండి.

దస్తావేజు నీ పేరు మీదే రాయించమని నా కోరిక. బిడ్డవని అనడం లేదు. మీ ఇద్దరిలో పొలం చూసుకునేదీ, లెక్కలు రాసేదీ నువ్వే. పాసుబుక్కు నీ పేరున ఉంటే 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారుకు ఉండే ఐదు లక్షల రైతు బీమా నీకు వర్తిస్తుంది. పీఎం కిసాన్ మాత్రం ఆశపడకు, 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్నవాళ్లకు లేదు.

రిజిస్ట్రేషన్ రోజున తొందరపడొద్దు. బయోమెట్రిక్ పెట్టే ముందు ఆపరేటర్ ప్రింటు తీసి ఇస్తాడు. సర్వే నంబరు, పక్కనున్న అక్షరం, గుంటలు, హద్దులు, ఆధార్‌లో ఉన్నట్టే పేరు, అన్నీ వేలు పెట్టి చదువు. వెనక క్యూలో వాళ్లు గొణిగినా సరే. మిగతా సొమ్ము డీడీ తీసి దగ్గర పెట్టుకో, అమ్మేవాళ్లందరి వేలిముద్రలు పడ్డాకే చేతికివ్వు.

ఈసీ, పహాణీలు రాగానే ఫొటోలు తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి.

ఇట్లు,
మీ పెద్దనాన్న