అటెండెంట్‌ని మార్చకండి, అన్నయ్యతో మాట్లాడండి

కాకినాడ నుంచి ఒక సోదరి రాశారు. వాళ్ళమ్మగారికి 74 ఏళ్ళు, పక్షవాతం వచ్చి రెండేళ్ళుగా మంచం మీదే ఉన్నారు, మాట ముద్దగా వస్తుంది కానీ అన్నీ తెలుస్తాయి. నాన్నగారు లేరు, అన్నయ్య కాలిఫోర్నియాలో. ఈవిడ అదే ఊళ్ళో రెండు వీధుల అవతల ఉంటూ, స్కూల్లో టీచర్ ఉద్యోగం మానేసి పొద్దునా సాయంత్రం అమ్మ దగ్గరే గడుపుతున్నారు. ఇంట్లోనే ఉండి చూసుకోవడానికి ఏజెన్సీ ద్వారా 24 గంటల అటెండెంట్‌ని పెట్టుకుని ఏడాది దాటింది, జీతం అన్నయ్య పంపిస్తాడు. ఆ అమ్మాయి మధ్యాహ్నం నిద్రపోతోందని కెమెరాలో చూసి అన్నయ్య చెల్లెలికి ఫోన్ చేసి కేకలేశాడు. "ఈ మనిషిని మార్చేయమంటారా? నమ్మకమైన మనిషి ఎక్కడ దొరుకుతుంది?" అని ఈవిడ ప్రశ్న.

మార్చకండి. ఏడాదిలో అమ్మ ఒంటి మీద ఒక్క పుండు కూడా పడలేదని మీరే రాశారు. మంచాన పడ్డ మనిషిని పగలూ రాత్రీ రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు లేస్తాయి, ఎయిర్ బెడ్ వేసినా తిప్పడం తప్పదు. అంటే ఆ పిల్ల రాత్రి పన్నెండుకి, రెండుకి, నాలుక్కి లేస్తోందన్నమాట. మధ్యలో డైపర్, దాహమంటే తల ఎత్తి కూర్చోబెట్టి స్పూన్‌తో నీళ్ళు, ఎందుకంటే పడుకోబెట్టి పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంత చేసిన మనిషి మధ్యాహ్నం ఒంటిగంటకి కన్ను మూస్తే, అక్కడ అర్ధరాత్రి పడుకోబోతూ ఫోన్‌లో చూసే మీ అన్నయ్యకి అది దొంగ నిద్రలా కనిపిస్తోంది. రేపటి నుంచి మధ్యాహ్నం మూడు గంటలు ఆమె నిద్ర టైమ్ అని మీరే చెప్పండి, ఆ టైమ్‌లో మీరు ఉండండి. మీరు కట్టే దాంట్లో ఏజెన్సీ కమీషన్ పోగా ఆమె చేతికి ఎంత వస్తోందో కూడా ఒకసారి అడగండి. నెలలో సెలవు రోజులు ఎన్నో, ఆ రోజుల్లో బదులు మనిషిని ఎవరు పంపాలో ఏజెన్సీతో కాగితం మీద రాయించుకోండి. అటెండెంట్ సంగతి ఇంతే.

అసలు నన్ను ఆపింది ఉత్తరం చివర్లో మీరు రాసిన ఒక మాట. "ఒళ్ళు తుడిచేటప్పుడు అమ్మ మొహం గోడ వైపు తిప్పేసుకుంటుంది, ఈ మనిషి నచ్చలేదేమో" అని. కెమెరా మంచానికి ఎదురుగా బీరువా మీద ఉందని కూడా మీరే రాశారు. అమ్మా, ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చదవండి. కొడుకు చూస్తున్నాడని తెలిసిన తల్లి బట్టలు విప్పినప్పుడు మొహం ఇంకెటు తిప్పుకుంటుంది? ఆవిడకి చెయ్యీ కాలూ పడిపోయాయి గానీ సిగ్గూ అభిమానమూ పడిపోలేదు కదా. ఆ కెమెరా అక్కణ్ణుంచి తీసెయ్యండి, ఇది అన్నయ్యని అడిగి చెయ్యాల్సిన పని కాదు. అమ్మని అడగండి, తల ఊపి చెప్పగలరు. గుమ్మం దగ్గర, హాల్లో ఉంచుకోండి, మంచం గదిలోంచి మాత్రం తీసేయండి.

తీయడానికి మీకు భయం, అదీ నాకు తెలుస్తోంది. ఇల్లు అన్నయ్య పేరు మీద రాయించారు, "నాకు ఆస్తి మీద ఆశ లేదు" అని ఎవరూ అడక్కుండానే ఒకే ఉత్తరంలో మూడుసార్లు రాశారు. ఆశ ఉందని ఎవరో అన్నారన్నమాట, లేదా అంటారని భయపడి రెండేళ్ళుగా నోరు మూసుకున్నారు. డబ్బు పంపేవాడు యజమానీ, చేసేదాన్ని నేను మేనేజర్నీ అన్నట్టు మీరే ఒప్పేసుకున్నారు. నేను దీన్ని ఒప్పుకోను. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కొడుకునీ కూతుర్నీ ఇద్దర్నీ బాధ్యుల్ని చేసింది, అందులో కోడలి పేరూ అల్లుడి పేరూ లేవు. కాబట్టి మీ వదిన ఫోన్ చెయ్యదని బాధపడటం మానేయండి, రెండేళ్ళుగా ఒక్క మాట అనకుండా రాత్రిపూట మిమ్మల్ని స్కూటర్ మీద దింపుతున్న మీవారికి మాత్రం ఈ వారం ఒక పూట కేటాయించండి. అన్నయ్య పంపేది ఆయన వాటా. మీరు వదులుకున్న జీతం, మీ రాత్రులు మీ వాటా. ఏ వాటాకీ రెండోదాన్ని కేకలేసే హక్కు లేదు.

అన్నయ్య చెడ్డవాడని నేను అనడం లేదు. దూరంగా ఉన్న కొడుక్కి తప్పు చేస్తున్నానన్న భావం లోపల కుడుతూ ఉంటుంది, అది ఇక్కడి వాళ్ళ మీద కోపంగా బయటికొస్తుంది. దానికి మందు కెమెరా కాదు, అమ్మ పక్కన పది రాత్రులు పడుకోవడం. పండక్కి చుట్టంలా వచ్చి వెళ్ళడం కాదు, మూడు వారాలు సెలవు పెట్టి రమ్మనండి. మొదటి వారం మీరు పక్కనుండి తిప్పడం, తినిపించడం, మాత్రల టైమ్ నేర్పండి. తర్వాత రెండు వారాలు తాళాలు ఆయనకిచ్చి మీరు మీ ఇంట్లో ఉండండి. ఆ రోజుల్లోనే అటెండెంట్‌ని కూడా నాలుగు రోజులు వాళ్ళ ఊరు పంపండి. అంతవరకూ ఊపిరాడనట్టు అనిపిస్తే ఎల్డర్‌లైన్ అని పెద్దవాళ్ళ కోసం పెట్టిన హెల్ప్‌లైన్ 14567 ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు, పెద్దవాళ్ళే కాదు, వాళ్ళని చూసుకునేవాళ్ళు కూడా మాట్లాడొచ్చు.

ఫోన్‌లో ఏడవకుండా ఈ నాలుగు మాటలు చెప్పండి, ముందు కాగితం మీద రాసుకున్నా పర్లేదు: "అన్నయ్యా, అమ్మ గదిలో కెమెరా తీసేశాను, అమ్మకి ఇష్టం లేదు. ఈ అమ్మాయిని మార్చను. నా మీద కేకలేస్తే ఫోన్ పెట్టేస్తాను. నువ్వు ఏ నెలలో వస్తావో చెప్పు." ఆయన ఏ నెల అన్నారో నాకు రాయండి.