శ్రావణం ముహూర్తాలకా, దసరా మోడల్‌కా?

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 31. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. 2018లో కొన్న లాప్‌టాప్ ఇప్పుడు 4కే ఫుటేజ్‌కి మొరాయిస్తోంది. రాత్రి పదకొండింటికి ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియో ఫైలుగా మార్చడం) పెట్టి, పక్కన టేబుల్ ఫ్యాన్ ఆన్ చేసి పడుకుంటాను. నాలుగింటికి లేచి చూస్తే 83 శాతం దగ్గర ఆగిపోయి ఉంటుంది. శ్రావణానికి ఎనిమిది పెళ్లిళ్లు ఒప్పుకున్నాను. వాటిలో మూడు బయట ఎడిటర్‌కి ఇవ్వక తప్పేలా లేదు, ఒక్కోదానికి 6,000 అడుగుతున్నాడు. 1,12,000 పెట్టి ఒక లాప్‌టాప్ కొందామనుకుంటే, దసరాకి కొత్త మోడల్ వస్తుందని, అప్పుడు ఇదే ఏడెనిమిది వేలు తగ్గుతుందని షాపతను చెప్పాడు. ఆగమంటారా? సేవింగ్స్‌లో 95,000, ఎఫ్‌డీలో 60,000 ఉన్నాయి. ఇంటి ఖర్చు నెలకు 24,000. రెండు లక్షల చీటీ 20 నెలలకుగాను 11 నెలలు కట్టాను, ఇంకా పాడలేదు. చీటీ పాడాలా, నో కాస్ట్ ఈఎంఐ తీసుకోవాలా? నా ఏడాది ఆదాయం ఐదు లక్షల లోపే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. ట్యాక్స్‌లో కలిసొస్తుందని కూడా అంటున్నారు. నా భార్యకు కార్తీకంలో డెలివరీ. చెల్లెలు ఈ ఏడే బీటెక్ సీఎస్‌ఈలో చేరుతోంది, తనకూ లాప్‌టాప్ కావాలి. పేరు రాయొద్దు.

జవాబు: ముందు మీకు పనికొచ్చే మాట చెప్పేస్తాను. మీ లాప్‌టాప్ ఇప్పుడే, ఈ ఆషాఢంలోనే కొనండి. కానీ 1,12,000ది వద్దు. మీ చెల్లెలిది మాత్రం ఆపండి. ఒకే ఇంట్లో రెండు లాప్‌టాప్‌లకు రెండు రకాల జవాబులేంటని అనిపించొచ్చు. ఒకటి రేపటి నుంచే డబ్బు తెచ్చేది, రెండోది ఇంకో ఏడాది తర్వాతగానీ అసలు పనిలోకి రానిది. తేడా అంతా అక్కడే ఉంది.

దసరా దాకా ఆగితే మీకు మిగిలేది షాపతను చెప్పిన ఏడెనిమిది వేలు. అదీ తగ్గితేనే. పోయేదేంటో చూడండి. శ్రావణంలో మూడు పెళ్లిళ్లు బయటికిస్తే 18,000 పోతుంది. కొత్త లాప్‌టాప్ వచ్చినంత మాత్రాన ఆ మూడూ మీరే చేసేస్తారని నేను అనుకోను, మనిషికి నిద్ర కూడా కావాలి కదా. రెండు చేసుకున్నా 12,000 మీ చేతిలో ఉంటుంది. ఎనిమిది వేల కోసం పన్నెండు వేలు వదులుకోవడం ఎందుకు? భాద్రపదంలో ఎలాగూ ముహూర్తాలు ఉండవు, ఆశ్వయుజంలో ఏవో కొన్నే ఉంటాయి. ఇది భాద్రపదంలో అడిగిన ప్రశ్నయితే హాయిగా దసరా దాకా ఆగమనేవాణ్ణి. మీ విషయంలో కంపెనీవాళ్ల క్యాలెండర్ కన్నా పంతులుగారి పంచాంగమే ముఖ్యం.

ఆగితే ఎప్పుడూ నష్టమేనని మాత్రం అనను. ఆగి బాగుపడినవాళ్లూ ఉన్నారు. యాపిల్ 2024 అక్టోబర్ చివర్లో ఎం2, ఎం3 చిప్‌లున్న మ్యాక్‌బుక్ ఎయిర్ లాప్‌టాప్‌లలో కనీస ర్యామ్‌ను (పని చేసేటప్పుడు వాడుకునే మెమరీని) 8 జీబీ నుంచి 16 జీబీకి పెంచింది, ధర మాత్రం పెంచలేదు. అంతకు వారం ముందు కొన్నవాళ్ల బాధ ఊహించుకోండి. ఎం3 మోడల్ మన దగ్గర 1,14,900 ఉండేది. 2025 మార్చిలో దాని తర్వాతి ఎం4 99,900కే వచ్చింది. ఇవి చూసి అందరూ ఆగడమే తెలివి అనుకున్నారు. అదే ఏడాది చివరికొచ్చేసరికి కథ తిరగబడింది. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు ఎక్కువగా పోవడంతో ర్యామ్, ఎస్‌ఎస్‌డీల (ఫైళ్లు దాచుకునే వేగమైన డిస్క్‌ల) రేట్లు పైకి లేచాయి. మైక్రాన్ కంపెనీ అయితే, క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నామని 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. లోపలి ర్యామ్ రేటు పెరుగుతుంటే కొత్త మోడల్ వచ్చినా పాతది తగ్గాలని లేదు. దసరాకి ఎటు పోతుందో షాపతనికీ తెలియదు, నాకూ తెలియదు. శ్రావణంలో ఎనిమిది పెళ్లిళ్లున్నాయన్నది మాత్రం మీకూ నాకూ తెలుసు. నేను తెలిసిన లెక్క మీదే సలహా చెప్పగలను.

ఈ ఎదురుచూపులు ఇప్పటివి కావు. 1981లో ఆస్బర్న్ 1 అని ఒక కంప్యూటర్ వచ్చింది. మోసుకెళ్లే కంప్యూటర్ అని అమ్మారు, బరువు మాత్రం 11 కిలోలు. దాన్ని తెచ్చిన ఆడమ్ ఆస్బర్న్ చిన్నతనం గడిచింది మనం గిరిప్రదక్షిణకు వెళ్లే అరుణాచలంలోనే. ఇంకా మంచి మోడల్ వస్తోందని కంపెనీ ముందే చెప్పేసరికి ఉన్నదానికి ఆర్డర్లు పడిపోయాయని, 1983 సెప్టెంబర్‌లో కంపెనీ దివాలా తీయడానికి అదీ ఒక కారణమని చెబుతారు. అప్పట్లో ఆగినవాళ్లలోనూ ఆ నెల పని చేతిలో ఉన్నవాళ్లు ఉండే ఉంటారు.

ఇక 1,12,000ది ఎందుకు వద్దన్నానంటే, కార్తీకంలో డెలివరీ ఉంది కాబట్టి. మీ దగ్గర మొత్తం 1,55,000 ఉంది. అందులో 1,12,000 తీస్తే మిగిలేది 43,000, అంటే రెండు నెలల ఇంటి ఖర్చు కూడా కాదు. నార్మల్ అనుకున్నది సిజేరియన్ కావచ్చు, బిడ్డను నాలుగు రోజులు ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూలో) ఉంచాల్సి రావచ్చు. ఇప్పుడు హెల్త్ పాలసీ తీసుకున్నా ప్రసూతి ఖర్చుకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది కాబట్టి ఈ డెలివరీకి అక్కరకు రాదు. అందుకే 80,000కు మించొద్దు. సేవింగ్స్‌లోంచే ఇవ్వండి. అక్కడ 15,000 మిగులుతుంది, ఎఫ్‌డీ కదలదు. 80,000లో మీకు టాప్ మోడల్ రాదు. ఎడిటింగ్ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు కాబట్టి ఒక్కటే చెబుతాను. 16 జీబీ ర్యామ్ ఉండి, తర్వాత ఇంకోటి వేసుకోవడానికి స్లాట్ ఖాళీగా ఉన్నది చూడండి. కొన్ని సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, వాటిలో మళ్లీ పెంచే వీల్లేదు. మాఘమాసం సీజన్ డబ్బులొచ్చాక పెంచుకుందురుగాని.

నో కాస్ట్ ఈఎంఐ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, దీని మీద నాకు చాలా ఉత్తరాలు వస్తుంటాయి. అసలు సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు జరిగేదేంటంటే, బ్యాంకు మామూలుగానే వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే డిస్కౌంట్‌గా తగ్గిస్తారు. మీరు చూసిన 1,12,000 లాప్‌టాప్‌నే ఆరు నెలల ఈఎంఐలో, 16 శాతం వడ్డీకి లెక్క వేశాను. వడ్డీ సుమారు 5,000 అవుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 900 పైచిలుకు, మీ జేబులోంచే పోతుంది. పైన ప్రాసెసింగ్ ఫీజు. ఈ తొమ్మిది వందలకు నేను పెద్దగా బాధపడను. నన్ను బాధపెట్టేది ఆ 5,000. ఈఎంఐ మీద తగ్గించగలిగినవాళ్లు రొక్కం మీద కూడా తగ్గించగలరు, మనమే అడగం. మీరు అడగండి. హనుమకొండలో రెండు చోట్ల రేటు రాయించుకుని, ఒక్క పూట సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి కూడా వెళ్లి రండి. ఆషాఢంలో మీకు తీరిక ఉంటుంది. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబర్ తప్పనిసరి. బిల్లు లేకుండా ఇంత తగ్గిస్తానంటే వద్దనండి, రేపు వారంటీ దగ్గర గొంతు పెగలదు.

చీటీ పాడొద్దు. పాట 25,000కు పోయిందనుకుంటే చేతికొచ్చేది 1,75,000, దానికి జామీనుదారులను వెతకాలి, డబ్బు వచ్చేసరికి శ్రావణం సగం అయిపోతుంది. 80,000 అవసరానికి అంత నష్టపోవడం అనవసరం. పాడని చీటీని డెలివరీ కోసం వెనకాల ఉంచుకోండి. రేపు ఆసుపత్రిలో అనుకోని ఖర్చు వస్తే అప్పుడు పాడినా తప్పులేదు. ఆ అవసరం కోసం జామీను ఎవరు పెడతారో మాత్రం ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

ట్యాక్స్ మాట మర్చిపోండి. కంప్యూటర్ మీద ఏడాదికి 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చన్నది నిజమే. మీ ఏడాది ఆదాయం ఐదు లక్షల లోపేనని రాశారు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు రిబేటుతో పన్ను పడదు. పడని పన్నులో కలిసొచ్చేదేముంది? జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి లాప్‌టాప్ మీద కట్టే 18 శాతం జీఎస్టీ కూడా వెనక్కి రాదు. 2025 సెప్టెంబర్‌లో ఏసీలకు, పెద్ద టీవీలకు జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. లాప్‌టాప్‌కి మాత్రం అప్పుడూ 18, ఇప్పుడూ 18.

చెల్లెలి విషయానికొద్దాం. తను అడగడంలో తప్పులేదు, చేతిలో లాప్‌టాప్ లేకపోతే క్లాసులో చిన్నతనంగా ఉంటుందని తన భయం. కానీ మొదటి ఏడాది లెక్కలు, ఫిజిక్స్, సీ ప్రోగ్రామింగ్‌కి మీ పాత లాప్‌టాప్ బ్రహ్మాండంగా సరిపోతుంది. అది 4కే వీడియోలకే ముసలిదైంది, సీ ప్రోగ్రామ్‌కి కాదు. షాపులో ఎక్స్‌ఛేంజ్‌కి ఇస్తే వచ్చేది ఎంతో కాదు, ఇవ్వకండి. హార్డ్ డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించండి, కొత్త బ్యాటరీ పెట్టించండి, లోపల దుమ్ము దులిపించండి. ఏడెనిమిది వేలు పక్కన పెట్టుకోండి, రేటు మీ మెకానిక్‌ని అడిగాకే ఇవ్వండి. అంతకన్నా ముందు ప్రాసెసర్ ఇంటెల్ అయితే ఎనిమిదో తరానిదేనా అని చూసుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11కి ఎనిమిదో తరం నుంచే అధికారికంగా కుదురుతుంది. రెండో ఏడాదో మూడో ఏడాదో ఏ సబ్జెక్టులు తీసుకుంటుందో తెలిశాక, దానికి తగ్గది కొత్తగా కొనివ్వండి. ఆమె కోసం విద్యారుణం తీసుకునే ఆలోచన ఉంటే, కోర్సుకు అవసరమైన కంప్యూటర్ ఖర్చును కూడా అందులో చేర్చే వీలుంటుంది, బ్యాంకులో అడగండి. ఈ మాట తనకు మీరే కూర్చోబెట్టి చెప్పండి. రెండో ఏడాది కొత్తది కొంటానని తేదీతో సహా చెప్పండి, ఆ మాట తప్పకండి.

శ్రావణంలో మిగిలే ఆ 12,000 వచ్చింది వచ్చినట్టు సేవింగ్స్‌లో వేయండి, డెలివరీ దాకా ముట్టుకోవద్దు.

కొనడానికి వెళ్లేటప్పుడు, మిమ్మల్ని రాత్రంతా ఏడిపించిన ఆ పెళ్లి ఫైలునే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. షాపులోనే కాపీ చేసి, ఓ పది నిమిషాల క్లిప్ ఎక్స్‌పోర్ట్ పెట్టి, పక్కనే నిలబడి చూడండి. ఫ్యాన్ ఎంత మోత పెడుతోందో వినండి, కీబోర్డ్ మీద చెయ్యి పెట్టి వేడి చూడండి. షాపతను విసుక్కున్నా పర్వాలేదు.