590 కొనాలా, 870 కొనాలా? పంప్ షాట్‌గన్‌కి ఏమేం బిగించాలి, ఏమేం వద్దు

మీ ప్రశ్న ఇది: గ్రీన్ కార్డు వచ్చింది, టెక్సాస్‌లో ఇల్లు కొన్నారు, ఇంటి రక్షణ కోసం 12 గేజ్ టాక్టికల్ పంప్ షాట్‌గన్ తీసుకోవాలి. మాస్‌బర్గ్ 590 మంచిదా, రెమింగ్టన్ 870 మంచిదా, దానికి ఏయే సామాన్లు బిగించాలి? జవాబు చదివేవాళ్ళలో హెచ్-1బీ వాళ్ళు కూడా చాలామంది ఉంటారు కాబట్టి ముందు కాగితాల సంగతి.

ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు, అంటే హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, బీ-1, బీ-2 లాంటివాళ్ళు, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనవాళ్ళు ఎక్కువగా వాడుకునేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గడువు తీరనిది అన్న మాటే ముఖ్యం. టెక్సాస్ వేట లైసెన్సు ఏడాది ఆగస్టు 31తో ముగుస్తుంది. ఆ తేదీ దాటితే మినహాయింపు పోతుంది, తుపాకీ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. గ్రీన్ కార్డు ఉన్న మీకు ఈ అడ్డు లేదు. మీ భార్య గానీ, అమ్మానాన్నలు గానీ ఇంకా వీసా మీద ఉంటే మాత్రం సేఫ్ తాళం, కోడ్ వాళ్ళ చేతికి అందకుండా పెట్టండి. ఇంకొకరి కోసం కొంటూ, తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో నా కోసమే అని రాయడం నేరం. రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే అయినా ఫెడరల్ లెక్కలో కాదు, ఆ ఫారంలో ఆ ప్రశ్న కూడా ఉంటుంది.

ఇంకో రెండు కొలతలు గుర్తుంచుకోండి. బ్యారెల్ 18 అంగుళాలకు తగ్గకూడదు, మొత్తం తుపాకీ పొడవు 26 అంగుళాలకు తగ్గకూడదు. ఏ ఒక్కటి తగ్గినా అది షార్ట్ బ్యారెల్ షాట్‌గన్ కిందికి వస్తుంది, దానికి ముందుగా ఏటీఎఫ్ (తుపాకీల సంగతి చూసే ఫెడరల్ సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి. కంపెనీలు 18.5 అంగుళాలు ఇవ్వడానికి కారణం ఇదే. ఇంట్లో రంపం పెట్టి పొట్టి చేసే ఆలోచన పెట్టుకోకండి.

ఇక తుపాకీ. 870 వచ్చింది 1950లో, రిసీవర్ (లోపలి యంత్రమంతా ఉండే మధ్యభాగం) ఉక్కు. 590 రిసీవర్ అల్యూమినియం, అందుకే తేలిక. బోల్ట్ (తూటా వెనక మూసే భాగం) లాక్ అయ్యేది బ్యారెల్‌లోకే కాబట్టి అల్యూమినియం అని భయపడనక్కర్లేదు. రెండూ దశాబ్దాల పాటు పోలీసుల చేతుల్లో నలిగినవే. తేడా ఉన్నది చేతికి అందే మీటల్లో. 590 సేఫ్టీ రిసీవర్ వెనక పైభాగాన, బొటనవేలి కింద ఉంటుంది, కుడిచేతికైనా ఎడమచేతికైనా ఒకటే. 870 సేఫ్టీ ట్రిగ్గర్ వెనక అడ్డంగా నొక్కే బొత్తం. పంప్ విడిపించే మీట 590కి ట్రిగ్గర్ గార్డు వెనక, 870కి ముందు ఉంటుంది. 590కి తూటా లాగే పంజాలు రెండు, 870కి ఒకటి.

దీన్నిబట్టి ఎంపిక తేలిక. మామూలు స్టాక్‌తో వాడేటట్టయితే 590 తీసుకోండి. పిస్టల్ గ్రిప్ ఉన్న స్టాక్ తప్పనిసరిగా కావాలంటే 870 తీసుకోండి. 590కి పిస్టల్ గ్రిప్ బిగిస్తే సేఫ్టీ తియ్యడానికి బొటనవేలు పట్టు వదిలి పైకి పాకాలి, ఆ తుపాకీలో ఉన్న ఒక మంచి గుణాన్ని డబ్బిచ్చి పోగొట్టుకున్నట్టే. స్టాక్ లేకుండా ఒట్టి పిస్టల్ గ్రిప్ ఉన్నవి సినిమాలో బాగుంటాయి, భుజానికి ఆనించలేరు, గురి కుదరదు, మణికట్టు నొప్పి ఒక్కటే మిగులుతుంది.

డబ్బు తక్కువైతే మావరిక్ 88 ఉంది, మాస్‌బర్గ్ వాళ్ళదే. సేఫ్టీ మాత్రం ట్రిగ్గర్ దగ్గర అడ్డ బొత్తం. ఫోరెండ్ (పంప్ చెయ్యడానికి ముందు చేత్తో పట్టుకునే పిడి) విడిగా ఊడిరాదు, మార్చాలంటే లోపలి స్లైడ్ ట్యూబుతో సహా మార్చాలి. ఫోరెండ్‌లో లైటు పెట్టాలనుకునేవాళ్ళు ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. మాస్‌బర్గ్ 500 కొంటే మాగజైన్ ట్యూబు (బ్యారెల్ కింద తూటాలు నింపేది) పొడిగించే వీలు లేదు, ఎందుకంటే దాని బ్యారెల్ ట్యూబు చివరనే మరతో బిగుస్తుంది. 590 ట్యూబు చివర మూత తీయొచ్చు, స్ప్రింగు శుభ్రం చెయ్యడానికి కూడా అదే సుఖం.

బిగించే సామాన్లలో మొదటిది స్టాక్ పొడవు. జనం దీన్ని చివరికి వదిలేస్తారు, కానీ ఎక్కువ తేడా తెచ్చేది ఇదే. ట్రిగ్గర్ నుంచి బట్ చివరి వరకు ఉన్న దూరం ఫ్యాక్టరీ స్టాకుల్లో దాదాపు 14 అంగుళాలు. అది పక్కకి తిరిగి నిలబడి పిట్టలు కొట్టేవాడి కొలత. ఛాతీ ఎదురుగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి నిలబడే పద్ధతికి, అందులోనూ అయిదున్నర, అయిదు ఎనిమిది ఎత్తు మనుషులకి 12.5 నుంచి 13 అంగుళాలు సరిపోతుంది. పొడవెక్కువైతే బట్ భుజం కీలు మీదికి జారుతుంది, ఎడమచెయ్యి పూర్తిగా చాపాల్సి వస్తుంది, ఫోరెండ్‌ని చివరిదాకా లాగే బలం ఉండదు. పేల్చినప్పుడు భుజానికి దెబ్బ (రీకాయిల్) ఎక్కువ తగులుతోందని గేజ్ మార్చేవాళ్ళలో చాలామంది మార్చాల్సింది స్టాకునే. మాగ్‌పుల్ ఎస్‌జీఏ స్టాక్ స్పేసర్లు తీసి పెట్టి 12.4 నుంచి 14.4 అంగుళాల దాకా సర్దుకోవచ్చు. ఇంట్లో ఇద్దరు వాడేటట్టయితే పొట్టివాళ్ళ కొలతకే పెట్టండి. పొడుగువాళ్ళు పొట్టి స్టాకుతో సర్దుకోగలరు, అటుది ఇటు కుదరదు.

రెండోది లైటు. రాత్రి ఇంట్లో ఎదురుపడింది దొంగో, నీళ్ళ కోసం లేచిన కొడుకో తేల్చుకోకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టే ప్రసక్తే లేదు. స్ట్రీమ్‌లైట్ టీఎల్-రాకర్ లాంటిది ఫోరెండ్‌తో కలిసే వస్తుంది, 1000 ల్యూమెన్లు, రెండు సీఆర్123ఏ బ్యాటరీలు. వైరు వేలాడదు. మీ మోడల్‌కి సరిపోయేదే తెప్పించండి, 870ది 590కి పట్టదు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, తుపాకీ లైటుతో ఇల్లంతా వెతికితే గొట్టం కూడా ఇల్లంతా చూస్తుంది. వెతకడానికి చేతి టార్చి విడిగా ఉంచుకోండి.

మూడోది స్లింగ్, రెండు చోట్ల తగిలించేది. అంతే.

అదనపు తూటాలు రిసీవర్ ఎడమ పక్కన పెట్టుకునే సైడ్ సాడిల్‌లో రెండు రకాలున్నాయి. అల్యూమినియం రకంలో ట్రిగ్గర్ పిన్నుల బదులు బోల్టులు దూర్చి బిగిస్తారు. గట్టిగా బిగిస్తే రిసీవర్ గోడలు లోపలికి నొక్కుకుని పంప్ బిగుసుకుపోతుంది. సాడిల్ పెట్టాక 870 పాడైంది అనేవాళ్ళు ముందు ఆ బోల్టులు పావు మలుపు వదులు చేసి చూడండి. గుడ్డ కార్డు, వెల్క్రో రకం నయం. రిసీవర్‌ని ఆల్కహాల్‌తో జిడ్డు పోయేలా తుడిచి, పట్టీ అతికించి, 24 గంటలు కదపకుండా వదిలేస్తే ఊడదు. నూనె మీద అతికిస్తే రెండో పెట్టెకే చేతికి వస్తుంది. తూటాలు నింపినకొద్దీ బరువు ఒక పక్కకి లాగుతుంది, నాలుగో ఆరో చాలు.

రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే సైటు) మంచిదే, కాని రైలు మీద రైలు వేసి ఎత్తుగా పెడితే చెంప స్టాకుని వదిలి గాల్లో తేలుతుంది. ఎంత కిందికి కూర్చుంటే అంత మంచిది. 12 గేజ్ దెబ్బకి స్క్రూలన్నీ వదులవుతాయి, కాబట్టి జిడ్డు తుడిచి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా వేసే జిగురు) ఒక చుక్క వేసి, స్క్రూ తల మీదుగా పెయింట్ పెన్నుతో గీత గీయండి. గీత తప్పిందంటే స్క్రూ కదిలిందని. ఇంట్లో వాడకానికి బ్యారెల్ ముందు చివరున్న గురి పూస కూడా సరిపోతుంది. ముళ్ళున్న బ్రీచర్ మూతి, వేడి కవచం, బయొనెట్ పట్టు, వీటికి పెట్టే డబ్బుతో తూటాలు కొనండి.

తూటాల దగ్గర తొందర వద్దు. ఇంటికి 2¾ అంగుళాల 00 బక్‌షాట్ (పెద్ద గుళ్ళ తూటా), తక్కువ రీకాయిల్ రకం. 3 అంగుళాల మాగ్నమ్ అక్కర్లేదు, దెబ్బ పెరిగి రెండో షాటు ఆలస్యమవుతుంది. 00లో ఒక్కో గుండు .33 అంగుళం, తూటాకి 8 గానీ 9 గానీ ఉంటాయి. ఫెడరల్ కంపెనీ ఫ్లైట్‌కంట్రోల్ వాడ్ (తూటా లోపల గుళ్ళని పట్టి ఉంచే కప్పు) ఉన్నది గుళ్ళని ఎక్కువ దూరం కలిపి ఉంచుతుంది. మామూలు చవక బక్‌షాట్ గజానికి ఒక అంగుళం చొప్పున విచ్చుకుంటుందని మోటు లెక్క. అంటే 10 గజాల్లో దాదాపు 10 అంగుళాలు. అదే దూరంలో ఫ్లైట్‌కంట్రోల్ అరచేతి వెడల్పులో ఉంటుంది. షాట్‌గన్‌కి గురి అక్కర్లేదు, అటువైపు పేలిస్తే చాలు అన్న మాట ఈ కొలతలు చూశాక ఎవరూ అనరు.

ఇది మీ తుపాకీలో ఎలా ఉందో చూసుకోవాలి, ప్రతి బ్యారెల్‌కీ దాని ఇష్టం దానిది. ఇంట్లో గొట్టం నుంచి ఎదురుగా వచ్చే అతి పొడవైన దూరం టేపుతో కొలవండి, మామూలు ఇళ్ళలో 10 నుంచి 15 గజాలు దాటదు. పెద్ద గోధుమరంగు కాగితం మీద 7, 10, 15, 20 గజాల్లో ఒక్కో దూరానికి మూడు కాగితాలు, కాగితానికి ఒక్క షాటు. ప్రతి కాగితం మీద గుళ్ళన్నీ లెక్కపెట్టండి. ఒకటి రెండు గుళ్ళు విడిగా పోతున్న దూరమే ఆ తూటాతో మీ హద్దు. చాలా ఇండోర్ రేంజిల్లో బక్‌షాట్ ఒప్పుకోరు, ముందే ఫోన్ చేసి అడగండి.

గోడల సంగతి మనవాళ్ళు మర్చిపోతారు. ఇవి ఇటుక గోడలు కావు, చెక్క చట్రానికి రెండు పక్కలా అర అంగుళం డ్రైవాల్. బక్‌షాట్ అలాంటి గోడలు చాలా దాటిపోతుంది, గది దూరంలో బర్డ్‌షాట్ (చిన్న గుళ్ళ తూటా) కూడా డ్రైవాల్ దాటుతుంది. పిల్లల మంచం ఏ గోడ వెనక ఉందో, పక్కింటి కిటికీ ఏ వైపు ఉందో తుపాకీ అన్‌లోడ్ చేసి సేఫ్‌లో పెట్టి, ఒట్టి చేతులతో ఇల్లంతా తిరిగి చూసుకోండి. అవసరమైతే మంచం జరపండి. అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఈ లెక్క ఇంకా కఠినం.

మొదట్లో వచ్చే తంటా షార్ట్ స్ట్రోక్. ఫోరెండ్‌ని వెనక్కి చివరిదాకా లాగకుండా ముందుకు తోస్తే ఖాళీ తూటా బయటపడదు, లేదా కొత్తది పైకి రాదు, ట్రిగ్గర్ నొక్కితే టక్ మంటుంది. మెత్తగా లాగితేనే ఇది వస్తుంది. ఆగేదాకా గట్టిగా లాగండి, ఆగేదాకా గట్టిగా తొయ్యండి. పేల్చేటప్పుడు ముందు చెయ్యి ఫోరెండ్‌ని ముందుకు తోస్తూ, వెనక చెయ్యి స్టాకుని భుజంలోకి లాగుతూ ఉంటే దెబ్బ సగం అక్కడే చచ్చిపోతుంది. ఇంట్లో సాధనకి డమ్మీ తూటాలు ఆరు కొనండి, అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.

రెండో తంటా తూటా చాంబర్‌లో, అంటే అది పేలే చోట, ఇరుక్కోవడం, ముఖ్యంగా చాంబర్ గరుకుగా ఉన్న 870 ఎక్స్‌ప్రెస్‌లలో. పెద్ద పెట్టెల్లో వచ్చే చవక బర్డ్‌షాట్‌కి అడుగు ఇత్తడి కాదు, ఉక్కు. పేలినప్పుడు వ్యాకోచిస్తుంది, ఇత్తడిలా వెనక్కి ముడుచుకోదు. చాంబర్ బ్రష్‌తో బాగా శుభ్రం చేసి, ఇత్తడి అడుగున్న తూటాలతో ఒకసారి చూడండి. అప్పుడు సరిగ్గా నడిస్తే తుపాకీ తప్పు కాదు.

ఇంకోటి ప్రాణం మీదికి వచ్చేది. 20 గేజ్ తూటాలు పసుపు రంగులో ఉండటానికి కారణం ఉంది. అది 12 గేజ్ చాంబర్‌లో వేస్తే ముందుకు జారి గొట్టంలో ఆగుతుంది, పేలలేదే అని వెనక 12 వేసి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. రెండు గేజ్‌లు ఉన్న ఇంట్లో సంచులు, జేబులు వేరుగా ఉండాలి. చెవులకి రక్షణ లేకుండా ఒక్క షాటు కూడా వద్దు, 150 డెసిబెల్స్ దాటుతుంది.

శుభ్రం చేసేటప్పుడు చాంబర్‌ని, ట్యూబుని కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకున్నాకే మొదలుపెట్టండి. 590లో ట్రిగ్గర్ గ్రూపు ఒక్క పిన్నుతో ఉంటుంది. అది తియ్యగానే లోపల తూటాలని ఆపే రెండు సన్నని రేకులు వదులై కింద పడతాయి, కొత్తవాళ్ళు ఏదో విరిగిందని కంగారుపడతారు. విప్పే ముందు ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. నూనె పల్చగా, యాక్షన్ బార్ల మీద చాలు. చాంబర్ పొడిగా ఉండాలి.

ఇంట్లో ఉంచే స్థితి: ట్యూబులో తూటాలు, చాంబర్ ఖాళీ. పంప్ షాట్‌గన్ సేఫ్టీ ఆపేది ట్రిగ్గర్‌నే, కిందపడ్డ కుదుపుకి హామర్ జారితే ఆపే హామీ దానికి లేదు. అందుకే చాంబర్‌లో తూటా వేసి దాచకూడదు. ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, బోల్ట్ మూసి, గొట్టం క్షేమమైన వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కి, ఆ తర్వాతే ట్యూబులో తూటాలు నింపండి. ఇప్పుడు పంప్‌కి లాక్ ఉండదు, ఒక్క లాగుడుతో సిద్ధం. లాక్ లేదు కాబట్టి సేఫ్‌లో నిలబెట్టేటప్పుడు బట్‌ని నేలకి కొట్టకండి, లైటున్న బరువైన ఫోరెండ్ కిందికి జారి ఒక తూటా లిఫ్టర్ (తూటాని పైకెత్తే రేకు) మీదికి వస్తుంది. నిండా కాక ఒకటి తక్కువ నింపండి. నెలల తరబడి స్ప్రింగు ఒత్తిడికి ప్లాస్టిక్ గొట్టాలు నొక్కుకుంటాయి, ఉబ్బిన తూటా చాంబర్‌లోకి దూరదు. ఆరు నెలలకోసారి పాతవి రేంజ్‌లో కాల్చేసి కొత్తవి పెట్టండి. తీసేటప్పుడు పంప్ చేసి ఒక్కోటి చాంబర్ మీదుగా పంపొద్దు, కింద నుంచి షెల్ లాచ్ నొక్కి ట్యూబులోంచి నేరుగా తీయండి.

ఇదంతా త్వరగా తెరుచుకునే సేఫ్‌లోనే, గోడకి బోల్టులు వేసి. టెక్సాస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లలకి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలి, అది వాళ్ళ చేతికి చిక్కితే మీ మీద కేసు అవుతుంది. బీరువా పైన, మంచం కింద పెట్టి పిల్లలకి తెలియదులే అనుకోకండి, పండక్కి దాచిన అరిసెల డబ్బా ఎక్కడుందో ఏ పిల్లాడికి తెలియదు?